సినిమా ఆపకుండా చూసేశాం, స్నేహితురాలు మాట్లాడటం మానేసింది

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెప్తాను, రాసినావిడని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

ఆవిడా, భర్తా, మరో నలుగురు స్నేహితులూ నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని సినిమా చూస్తారు. ఏ సినిమా చూడాలో వంతులవారీగా ఒక్కొక్కరు ఎంచుకుంటారు. పోయిన నెల ఈవిడ వంతు. డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ 2003లో తీసిన ‘డాగ్‌విల్’ పెట్టారు. అది తను అంతకుముందే ఒకసారి చూశారు. మిగతావాళ్ళకి మాత్రం “గోడలు లేకుండా గీతల మీద తీసిన సినిమా, కొత్తగా ఉంటుంది” అని మాత్రమే చెప్పారట.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ చెప్పాలి, ముగింపుతో సహా. 1930ల నాటి అమెరికాలో, కొలరాడో కొండల్లో ఒక చిన్న ఊరు. గ్యాంగ్‌స్టర్ల నుంచి పారిపోయి వచ్చిన గ్రేస్ అనే అమ్మాయికి ఆ ఊరు ఆశ్రయం ఇస్తుంది, బదులుగా ఆమె అందరికీ చిన్నచిన్న పనులు చేసిపెడుతుంది. పోలీసులు ఆమె కోసం పోస్టర్లు అంటించేసరికి “నిన్ను దాచడం మాకు ప్రమాదం కదా” అని పని పెంచి కూలి తగ్గిస్తారు. తర్వాత ఒంటి మీద చెయ్యి వేస్తారు, చివరికి మెడకి ఇనుప పట్టీ వేసి బరువైన ఇనుప చక్రానికి గొలుసుతో కట్టేస్తారు. ఇదంతా ఒక పెద్ద హాల్లో, నేల మీద తెల్లగీతలు గీసి, ఇళ్ళూ తలుపులూ ఉన్నట్టే నటిస్తూ తీశారు. నిడివి మూడు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ఆఖర్న ఆ గ్యాంగ్‌స్టర్ల నాయకుడు ఆమె తండ్రే అని తెలుస్తుంది, ఆమె మాట మీద ఊళ్ళోవాళ్ళందరినీ కాల్చి చంపి, ఊరిని తగలబెట్టేస్తారు. కుక్క ఒక్కటే మిగులుతుంది.

ఇక ఆ రోజు ఏం జరిగిందంటే, చక్ అనే అతను గ్రేస్‌ని బలాత్కరించే సీన్ వచ్చినప్పుడు, ఈవిడకి కాలేజీ రోజుల నుంచీ ప్రాణస్నేహితురాలు అయినావిడ లేచి, “తలనొప్పిగా ఉంది, వెళ్తాను” అని వెళ్ళిపోయింది. ఒకరు “పాజ్ చెయ్యాలా?” అన్నారు, ఇంకొకరు “వద్దులే, ఫ్లో పోతుంది” అన్నారు. సినిమా నడిచింది. క్లైమాక్స్‌లో తుపాకులు పేలుతుంటే భర్త చప్పట్లు కొట్టారు. ఒక స్నేహితుడు “సెట్ వెయ్యడానికి డబ్బుల్లేనప్పుడు సినిమా ఎందుకు తియ్యడం” అని ఆవలించారు. బాగా చదువుకున్న ఇంకొకాయన “ఇది అమెరికా మీద ద్వేషం, మనుషుల మీద ద్వేషం, ఆడవాళ్ళని హింసించి ఆనందించే దర్శకుడు” అని మొదలుపెట్టారు. ఆ గొడవ వాట్సాప్ గ్రూప్‌లోకి ఎక్కి అర్ధరాత్రి దాటేదాకా సాగింది. అందులో భర్త “అలాంటి ఊరిని తగలబెట్టడమే కరెక్ట్” అని రాశారు. పొద్దున్న చూస్తే స్నేహితురాలు గ్రూప్‌లోంచి బయటికి వెళ్ళిపోయింది. ఇప్పటికి మూడు వారాలు. ఫోన్ ఎత్తడం లేదు.

ఈవిడ ముఖ్యంగా అడిగినవి మూడు. “ఆ ఊరు తగలబడుతుంటే నాకూ హాయిగా అనిపించింది. నాలో ఏదైనా క్రూరత్వం ఉందా? చీమకి కూడా హాని చెయ్యని మనిషి అనుకున్న నా భర్త అసలు రూపం నాకు ఇన్నాళ్ళకి తెలిసిందా? ఒక సినిమా పెట్టినందుకు స్నేహితురాలికి నేను సారీ చెప్పాలా, తను మరీ సున్నితంగా తీసుకుంటోందా?”

నా సమాధానం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సినిమా గురించి పేజీలకి పేజీలు రాశారు, మీ ఆయన చప్పట్ల గురించి ఒక పేజీ రాశారు. లేచి వెళ్ళిపోయిన స్నేహితురాలి గురించి నాలుగు లైన్లు. మీరు మూడో ప్రశ్నగా పెట్టినదాన్ని నేను మొదట తీసుకుంటాను, ఎందుకంటే మిగతా రెండూ కొన్నాళ్ళు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగితే ముదిరిపోతుంది.

ఆవిడకి కోపం వచ్చింది సినిమా మీదే అని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆ సీన్ ఎలా తీశారో ఒకసారి గుర్తుచేసుకోండి. చక్ ఇంట్లో అది జరుగుతుంటుంది, కెమెరా నెమ్మదిగా వెనక్కి వస్తుంది. గోడలు లేవు కాబట్టి ఊరంతా ఒకే ఫ్రేములో కనిపిస్తుంది. పక్కింటి వాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉంటారు. వాళ్ళకి గోడ అడ్డం, మనకి లేదు. మామూలు సినిమాల్లో అలాంటి సీన్ వస్తే కెమెరా పక్కకి తిరుగుతుంది, లేకపోతే ఆమె ముఖానికి దగ్గరగా వెళ్తుంది. ఇక్కడ మాత్రం దారుణం ఒక మూల, రోజువారీ బతుకు ఇంకో మూల, రెండూ ఒక్క చూపులో పడతాయి. చూసేవాళ్ళని నలిపేసేది హింస ఒక్కటే కాదు, దాని పక్కనే ఏమీ పట్టనట్టు నడిచే ఆ ఇంటిపనులు కూడా.

సరిగ్గా ఆ క్షణంలో మీ స్నేహితురాలు లేచారు, “పాజ్ చెయ్యాలా” అన్న మాట వచ్చింది, “ఫ్లో పోతుంది” అన్న జవాబూ వచ్చింది. ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఈ రెండు మాటలూ విని ఉంటారు. మిమ్మల్ని ఆ ఊరివాళ్ళతో పోలుస్తున్నానని అనుకోకండి, మీలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, తలనొప్పి అంటే తలనొప్పే అని నమ్మారు. కానీ ఆవిడ వైపు నుంచి చూస్తే ఆ సాయంత్రం ఎలా కనబడి ఉంటుందో ఆలోచించండి. తర్వాత ఫోన్ తీసి చూస్తే గ్రూప్‌లో వందల మెసేజీలు, అమెరికా గురించి, దర్శకుడి గురించి, ఊరిని తగలబెట్టడం గురించి. “ఇంటికి చేరావా? తలనొప్పి తగ్గిందా?” అన్న మెసేజ్ ఒక్కటైనా ఉందా? మీ ఉత్తరంలో నాకు కనబడలేదు. ఉంటే మీరు తప్పకుండా రాసేవారని నా నమ్మకం.

ఇక “సున్నితం” అన్న మాట. అది పక్కన పెట్టమని గట్టిగా అడుగుతున్నాను. ఇలాంటి సినిమాల చుట్టూ ఒక అలవాటు పాతుకుపోయింది. చివరిదాకా కూర్చున్నవాళ్ళు గట్టివాళ్ళు, లేచిపోయినవాళ్ళు తట్టుకోలేనివాళ్ళు అని లెక్కగట్టడం. ఆస్ట్రియా దర్శకుడు మైకేల్ హనెకె 1997లో ‘ఫన్నీ గేమ్స్’ తీసినప్పుడు ఈ లెక్కని తలకిందులు చేశారు. మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళకి తన సినిమా అవసరం లేదు, కూర్చునేవాళ్ళకే ఉంది అన్న అర్థంలో మాట్లాడారు. అందులో చాలా నిజం ఉంది, అయినా పూర్తిగా ఒప్పుకోలేను. లేచిపోయిన ప్రతి మనిషీ దర్శకుడి పరీక్షలో పాసైపోయి వెళ్ళడు. కొంతమందికి అది సినిమా కాదు, గతంలో జరిగినదేదో మళ్ళీ కళ్ళ ముందుకి రావడం. కొంతమందికి ఆ రోజు అసలే మనసు బాగోదు. కొంతమంది, ఇది నాకొద్దు అని తేల్చుకుంటారు, అంతే. మీ స్నేహితురాలు వీళ్ళలో ఎవరో మీకు తెలియదు, నాకూ తెలియదు. దయచేసి ఊహించకండి. ముఖ్యంగా “నీకేమైనా జరిగిందా?” అని మాత్రం అడగొద్దు. ఆవిడ చెప్పాలనుకుంటే చెప్తారు. అడిగితే, అబద్ధమైనా చెప్పాలి, సిద్ధంగా లేకపోయినా నిజం చెప్పాలి, రెండూ కష్టమే.

సారీ చెప్పాలా అంటే, దేనికన్నది ముందు విడదీసుకోవాలి. ఆ సినిమా ఎంచుకోవడం తప్పు కాదు. అది చూడదగ్గ సినిమా, మీకు దాని మీద ఇష్టం ఉండటంలో దాచుకోవాల్సింది ఏమీ లేదు. కానీ అందులో ఏముందో మీకు ముందే తెలుసు, మీ వాళ్ళకి చెప్పింది గీతల సంగతి మాత్రమే. అలాంటి సీన్లు ఉన్నాయని ఒక్క మాట అనుంటే ఆవిడ రావాలో వద్దో తనే తేల్చుకునేవారు. ఇదొకటి. పాజ్ చెయ్యకపోవడం రెండోది, అది అందరిదీ. తర్వాత పట్టించుకోకపోవడం మూడోది, ఇది మిగతావాళ్ళ కంటే మీకు ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే ప్రాణస్నేహితురాలు మీరు.

మీ ముందు రెండుమూడు దారులున్నాయి. ఒకటి, చిన్న మెసేజ్. “ఆ రోజు నువ్వు వెళ్తుంటే నేను వెనకాల రాలేదు. సినిమాలో ఏముందో నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు. అందుకు సారీ. ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడే మాట్లాడు, అసలు ఆ సంగతి ఎత్తకపోయినా పర్లేదు.” ఇంతే. “కానీ” అన్న మాట రాకూడదు, మీ ఉద్దేశం మంచిదని చెప్పుకోకూడదు. దీనివల్ల లాభం ఏంటంటే, ఆవిడ తనకి వీలైనప్పుడు చదువుకోవచ్చు, మీ ముఖం చూస్తూ జవాబు చెప్పే టెన్షన్ ఉండదు. నష్టం ఏంటంటే, జవాబు రాకపోవచ్చు, రోజుకి పదిసార్లు ఫోన్ తీసి చూసుకోవడం మీ వంతు అవుతుంది. దానికి సిద్ధపడే పంపండి.

రెండోది, నేరుగా వెళ్ళి కలవడం. కొన్ని స్నేహాల్లో అదే పనిచేస్తుంది, ఫోన్‌లో బిగుసుకుపోయిన మనిషి గుమ్మంలో చూడగానే కరిగిపోతారు. కానీ మూడు వారాలుగా ఫోన్ ఎత్తని మనిషి ఇంటికి చెప్పకుండా వెళ్తే, తలుపు వేసుకునే హక్కు కూడా నాకు లేకుండా చేసింది అనిపించే ప్రమాదం ఉంది. ఆవిడ స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. గతంలో మీ ఇద్దరికీ గొడవ వచ్చినప్పుడు ఎవరు ఎలా కలిశారో గుర్తుచేసుకుంటే, ఇందులో ఏది పనిచేస్తుందో మీకే తెలిసిపోతుంది.

మూడోది, తనంతట తనే వస్తుందిలే అని ఆగడం. ఉత్తరం చివర్లో మీరు దీనివైపే మొగ్గినట్టున్నారు. నాకు ఇది నచ్చలేదు. మౌనంగా ఉంటే ఆవిడకి మీరు గౌరవంతో ఆగారో, పట్టనట్టు ఉన్నారో తెలిసే మార్గం లేదు. ఆ సాయంత్రం తర్వాత మీ మౌనానికి ఆవిడ ఏ అర్థం తీసుకుంటారో చెప్పడం కష్టం కాదు.

ఏది చేసినా ఒంటరిగా చెయ్యండి. గ్రూప్ తరఫున, మీ ఆయన తరఫున సారీలు మోసుకెళ్ళొద్దు.

ఇక మీలో క్రూరత్వం ఉందా అన్న ప్రశ్న. ఆ ఊరు తగలబడుతుంటే హాయిగా అనిపించిందన్నారు, దాని గురించి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నారు. ఆ హాయి మీ ఒక్కరిదీ కాదు, అది ఆ సినిమాలో చాలా జాగ్రత్తగా అల్లిన పని. దాదాపు రెండున్నర గంటలు ఒక మనిషిని మన కళ్ళ ముందు అంగుళం అంగుళం కిందికి నొక్కుతారు, ఒక్క చోట కూడా మనకి ఊపిరి పీల్చుకోనివ్వరు. యాపిల్ పళ్ళ మధ్య దాక్కుని లారీలో పారిపోతుంటే ఆ లారీవాడే ఆమెని పాడుచేసి తిరిగి ఊరికే తెస్తాడు. అన్ని తలుపులూ మూసేశాక ఆఖర్న ఒక్క తలుపు తెరుస్తారు, అది హత్యాకాండ తలుపు. ఊపిరాడని మనిషి ఏ తలుపు తెరిస్తే అందులోంచి బయటపడాలనే చూస్తాడు. ముందు కలిగింది ఊపిరి అందిన హాయి. అది రక్తం చూసిన ఆనందంలాగే అనిపిస్తుంది, అదే భయపెడుతుంది.

ఈ కథకి మూలం కూడా అలాంటిదే. 1928లో బెర్లిన్‌లో మొదటిసారి ఆడిన ‘త్రీపెన్నీ ఒపెరా’ అనే సంగీత నాటకంలో, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసి కుర్ట్ వైల్ బాణీ కట్టిన పాట ఒకటుంది. చౌకబారు హోటల్లో గ్లాసులు కడిగే పనిమనిషి, ఒకరోజు యాభై ఫిరంగులున్న ఓడ వస్తుందని, ఊరిని నేలమట్టం చేస్తుందని, ఎవరిని చంపమంటావని ఓడవాళ్ళు తనని అడుగుతారని, అందరినీ అని తను చెప్తుందని కలగంటుంది. ‘డాగ్‌విల్’కి ఈ పాటే స్ఫూర్తి. ఆ పనిమనిషి కల కన్నది కాబట్టి హంతకురాలు అని ఎవరూ అనరు. రోజూ ముఖం మీద చీత్కారాలు పడే మనిషికి అలాంటి కల రాకపోతేనే ఆశ్చర్యం. మూడు గంటలు గ్రేస్‌తో పాటు నడిచిన మీకు ఆ కల అంటుకుంది.

కానీ ఇక్కడితో వదిలేస్తే మీకు నేను అన్యాయం చేసినట్టే, ఎందుకంటే సినిమా ఇక్కడ ఆగదు. ఒక్క సంగతి దగ్గరగా చూడండి. గ్రేస్ తన కూలి డబ్బులు కూడబెట్టుకుని ఆ ఊరి చిన్న కొట్లోంచి ఒక్కొక్కటిగా ఏడు పింగాణీ బొమ్మలు కొనుక్కుంటుంది. ఆ ఊళ్ళో తనదంటూ ఉన్నవి అవే. చక్ భార్య వీరా, తప్పంతా గ్రేస్‌దే అనుకుని, వాటిని పగలగొట్టడానికి వస్తుంది. ముందు రెండు పగలగొడతాను, నువ్వు ఏడవకుండా ఆపుకోగలిగితే మిగతావి వదిలేస్తాను అంటుంది. గ్రేస్ ఆపుకోలేకపోతుంది. క్లైమాక్స్‌లో గ్రేస్ మనుషులకి ఇచ్చే ఆదేశాల్లో ఒకటి వీరా పిల్లల గురించి. ముందు పిల్లల్ని చంపండి, తల్లిని చూడనివ్వండి, ఏడుపు ఆపుకోగలిగితే ఆపేస్తామని చెప్పండి అంటుంది. అదే పందెం. బొమ్మల స్థానంలో పిల్లలు.

ఆ మాట వినబడినప్పుడు మీకు ఏమనిపించింది? ఉత్తరంలో ఎక్కడా ఆ పిల్లల ప్రస్తావన లేదు. అప్పుడు కూడా హాయిగానే ఉందా, లేక అక్కడ ఏదో అడ్డం పడిందా? అడ్డం పడి ఉంటే, ఆ తర్వాత మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీ క్రూరత్వం కాదు, మీలో దానికి ఎదురు తిరిగినదే. అడ్డం పడకపోయినా మీరు రాక్షసులు అయిపోరు, సినిమా ఊపులో చాలామంది ఆ మాటని దాటిపోతారు. మూడు వారాల తర్వాత కూర్చుని నాకు ఉత్తరం రాశారు చూడండి, నాకు మీ గురించి తెలిసింది అందులోంచి.

ఆ ముగింపు మళ్ళీ చూడాలా వద్దా అని కూడా అడిగారు. చూస్తే ఒంటరిగా, పగటిపూట, చివరి అరగంట మాత్రం చూడండి. తండ్రీ కూతుళ్ళు కారులో మాట్లాడుకునే దగ్గర్నుంచి. ఊరివాళ్ళని నువ్వు క్షమించడమే నీ పొగరు, నీకు పెట్టుకున్న నియమాలు వాళ్ళకి పెట్టవు, అంటే వాళ్ళని నీకంటే తక్కువగా చూస్తున్నట్టే కదా అని తండ్రి అంటాడు. మొదటిసారి చూసినప్పుడు అది మహా తెలివైన మాటలా ఉంటుంది. రెండోసారి, ముగింపు తెలిసి వింటే, ఒక సరైన మాట పట్టుకుని మనిషి ఎంత దూరం వెళ్ళిపోగలదో కనబడుతుంది. నిద్ర ఇంకా పాడవుతుందని అనిపిస్తే చూడకండి, ఎవరికీ బాకీ లేదు. ఒకవేళ చూడకుండా కూడా నిద్రలేమి ఇలాగే కొనసాగితే, సినిమా సంగతి పక్కనపెట్టి డాక్టర్‌ని కలవడమే మంచిది.

మీ ఆయన విషయం. చప్పట్లని బట్టి మనిషిని తేల్చడానికి నేను ఒప్పుకోను. మీరు రాసిన ఇంకో సంగతి మీరే దాటేశారు. సినిమా మధ్యలో ఆయన రెండుసార్లు లేచి వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళారని, మెడకి పట్టీ వేసే సీన్‌లో “ఇంకెంతసేపుంది” అని అడిగారని రాశారు. హింస చూసి ఆనందించే మనిషి అక్కడ లేచి వెళ్ళడు. ఆయనకి అది భరించడం కష్టమైంది, ముగింపులో ఒక్కసారిగా బయటపడింది. మీకు లోపల కలిగినదే ఆయనకి చేతుల్లోకి వచ్చింది. మిమ్మల్ని మీరు బోనెక్కించుకున్నారు, కానీ తీర్పు మాత్రం ఆయన మీద రాసేశారు.

అలాగని ఆయన గ్రూప్‌లో రాసిన మాటని కొట్టిపారెయ్యను. చప్పట్లు ఊపులో కొడతారు. “తగలబెట్టడమే కరెక్ట్” అని గంటల తర్వాత రాయడం వేరు. దాని గురించి ఆయనతో మాట్లాడొచ్చు. ఎలా అడుగుతారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. “నువ్వలా ఎలా చప్పట్లు కొట్టావు” అంటే ఆయన తనని తాను కాపాడుకోవడానికి వాదిస్తారు, వాదించే కొద్దీ ఆ అభిప్రాయం గట్టిపడుతుంది. “ఆ పిల్లల మాట వచ్చినప్పుడు నీకెలా అనిపించింది” అని నిజంగా తెలుసుకోవాలని అడిగితే, మీకు కలిగిన హాయి గురించి కూడా దాచకుండా చెప్తే, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. బహుశా ఆయన కూడా దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేక తిరుగుతూ ఉండొచ్చు. లేదా “సినిమానే కదా, వదిలెయ్” అనొచ్చు. అంటే అప్పటికి వదిలెయ్యండి, నొక్కి నొక్కి అడిగితే అది విచారణ అయిపోతుంది.

ఆయన అసలు రూపం ఏమిటో మీకు తెలియాలంటే సినిమా అక్కర్లేదు. ఒకరు తప్పు చేస్తే ఇంటిల్లిపాదినీ తిట్టే మనిషా? ఎప్పటివో లెక్కలు మనసులో పెట్టుకుని సమయం చూసి తీర్చుకునే మనిషా? తన కింద పనిచేసేవాళ్ళతో, తిరిగి మాట అనలేనివాళ్ళతో ఎలా మాట్లాడతారు? ఇన్నేళ్ళ కాపురంలో వీటికి జవాబులు మీ దగ్గర ఉన్నాయి. అవి బాగుంటే ఒక సాయంత్రపు చప్పట్లు వాటిని చెరిపెయ్యలేవు. బాగోకపోతే, అప్పుడు మన సంభాషణ వేరే ఉంటుంది, దాని గురించి విడిగా రాయండి.

మిగతా ఇద్దరి గురించి ఎక్కువ చెప్పను. గీతల మీద సినిమా ఏంటన్న ఆయనకి విసుగొచ్చింది, విసుగు కూడా నిజాయితీ గల స్పందనే, ఆయన్ని మార్చే ప్రయత్నం వద్దు. దర్శకుడికి అమెరికా మీద ద్వేషం అన్న ఆయన కొత్త మాటేమీ అనలేదు. 2003లో కాన్ చిత్రోత్సవంలో చూపించినప్పటి నుంచే ఆ ఆరోపణ ఉంది. వాన్ ట్రియర్ అమెరికాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు, సినిమాని స్వీడన్‌లో ట్రోల్‌హాటన్ అనే ఊళ్ళో తీశారు, ఆఖర్న టైటిల్స్ మీద అమెరికాలోని పేదల ఫొటోలు వేశారు. కాబట్టి ఆ వాదనకి ఆధారం ఉంది. పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కి సినిమా నచ్చలేదు. అమెరికా దర్శకుడు క్వెంటిన్ టరంటీనో మాత్రం 2009లో, 1992 తర్వాత వచ్చిన తనకి ఇష్టమైన ఇరవై సినిమాల్లో దీన్ని చేర్చారు. ఇరవై ఏళ్ళు దాటినా తేలని వాదన మీ గ్రూప్‌లో ఒక రాత్రిలో తేలదు. ఆయన కూడా, నా అనుమానం, ఆ సీన్ తనని ఏం చేసిందో చెప్పడం కంటే అమెరికా గురించి మాట్లాడటం తేలిక కాబట్టి అటు వెళ్ళారు. మనలో చాలామంది చేసే పనే అది.

ఆ సినిమా తీస్తున్నప్పుడు సెట్ పక్కన ఒక చిన్న గది లాంటిది పెట్టారు. నటీనటులు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒంటరిగా లోపలికి వెళ్ళి, అక్కడున్న కెమెరాతో తమ బాధేదో చెప్పుకోవచ్చు. వాళ్ళు అక్కడ చెప్పుకున్నవి తర్వాత డాక్యుమెంటరీలోకి కూడా వచ్చాయి. అదంతా నటన అని తెలిసిన వాళ్ళకే అలాంటి చోటు కావాల్సి వచ్చింది. మీ ఆరుగురికి సినిమా అయిపోయాక దొరికింది వాట్సాప్ గ్రూప్, అక్కడ ఎవరూ తమకి ఏమనిపించిందో చెప్పలేదు, ఎవరు సరైనవాళ్ళో తేల్చుకున్నారు.

ఈ నెల కలవాలా వద్దా అని మీరంతా తర్జనభర్జన పడుతున్నారని రాశారు. కొన్నాళ్ళు ఆపేస్తే వాతావరణం చల్లబడుతుంది, కానీ స్నేహితురాలికి “నావల్ల ఆగిపోయింది” అనిపించొచ్చు. ఏమీ జరగనట్టు ఐదుగురూ కూర్చుని మామూలు సినిమా చూస్తే, ఆవిడ లేకపోయినా నడిచిపోతుందని చెప్పినట్టు అవుతుంది. నా మొగ్గు, మీరు ముందు ఆవిడతో విడిగా మాట్లాడాక, లేదా మీ మెసేజ్‌కి ఆవిడ జవాబు ఇవ్వడానికి తగినంత సమయం ఇచ్చాక, మిగతావాళ్ళని సినిమా లేకుండా ఒకసారి కలవడం. అక్కడ వాన్ ట్రియర్ గురించి కాకుండా, ఆ సాయంత్రం మనం ఎలా ఉన్నాం అన్నదాని గురించి మాట్లాడండి. “ఫ్లో పోతుంది” అన్నది ఎవరో మీరు రాయలేదు, నాకు చెప్పక్కర్లేదు, అక్కడ కూడా వేలెత్తి చూపొద్దు. ఆ మాటని మీరెవరూ కాదనలేదు, కాబట్టి అది అందరిదీ.

ఇకముందు సినిమా ఎంచుకున్నవాళ్ళు అందులో ఏముందో ముందే చెప్పాలని, ఎవరు లేచినా పాజ్ చెయ్యాలని అనుకుంటే చాలు, వేరే నియమాలు అక్కర్లేదు. మెసేజ్ మాత్రం ఈ రోజే పంపండి, నా సమాధానం నచ్చినా నచ్చకపోయినా. ఆవిడ నుంచి ఏ కబురు వచ్చినా, రాకపోయినా, మళ్ళీ రాయండి.